కథాకర్షణం – ఆకాంక్ష – రససిద్ధి

కథ శ్రోతను ఎట్లు పట్టి నిలుపుతుంది అనే ప్రశ్న అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. భరతుడు పంచసంధులను, పంచావస్థలను నిర్దేశించిననాడే ఇతివృత్త నిర్మాణానికీ ప్రేక్షకుని చిత్తవృత్తికీ గల సంబంధం శాస్త్రవిషయమైంది. ఇదే ప్రశ్నను ఇరవయ్యవ శతాబ్దిలో మనస్తత్వశాస్త్రం, ఆ తరువాత మెదడును పరిశీలించే నాడీశాస్త్రం చేపట్టాయి. ఆ ఫలితాలు ప్రాచ్య కళాశాలల చర్చలలోకి వచ్చినప్పుడు రెండు విధాల స్పందన కనిపిస్తుంది. ఇదంతా భరతుడు ఏనాడో చెప్పినదే అన్నది మొదటిది. యంత్రానికి రసమేమి తెలుస్తుంది అన్నది రెండవది. మొదటిది ఆధునిక పరిశోధనను చదవనక్కరలేకుండా చేస్తే, రెండవది ప్రాచీన గ్రంథాన్ని పరీక్షకు నిలపనక్కరలేకుండా చేస్తుంది. రెండింటివల్లా నష్టపోయేది శాస్త్రాధ్యయనమే.

ముందుగా ఆధునికులు కనుగొన్నదేమిటో చూడవలసి ఉంది. బార్ట్‌లెట్ 1932లో ప్రకటించిన గ్రంథంలో ఉత్తర అమెరికా ఆదిమజాతుల కథ ఒకటి ఆంగ్ల పాఠకులచేత చదివించి, కొంతకాలం తరువాత తిరిగి చెప్పించిన ప్రయోగం ఉంది. తమ సంస్కారానికి పొసగని అంశాలను వారు తెలియకుండానే వదలివేశారు, లేదా తమకు పరిచితమైన రూపంలోకి మార్చుకొన్నారు. 1944లో హైడర్, సిమ్మెల్ అనే పరిశోధకులు రెండు త్రికోణాలు, ఒక వృత్తం అటూ ఇటూ కదలే చిన్న చలనచిత్రాన్ని చూపితే, ప్రేక్షకులలో దాదాపు అందరూ అందులో వ్యక్తులను, తగవును, వెంటాడడాన్ని చూశారు. 1994లో లోవెన్‌స్టైన్ కుతూహలానికి ఒక లక్షణం చెప్పాడు: తెలిసినదానికీ తెలియగోరినదానికీ నడుమ ఎడం ఉన్నదని గుర్తించినప్పుడే కుతూహలం పుడుతుంది, ఏమీ తెలియనివానికి అది పుట్టదు.

ఈ చివరి మాట వినగానే శాబ్దబోధ ప్రకరణం చదివినవారికి ఆకాంక్ష గుర్తుకు రాక మానదు. ఒక పదం వినబడగానే దానితో అన్వయించే మరొక పదాన్ని శ్రోత కోరుతాడు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో యోగ్యత, ఆకాంక్ష, ఆసత్తి గల పదసముదాయం వాక్యమనీ, అటువంటి వాక్యసముదాయం మహావాక్యమనీ చెప్పి, రామాయణ భారత రఘువంశాదులను మహావాక్యానికి ఉదాహరించాడు. అనగా కావ్యమంతటా వ్యాపించిన ఆకాంక్ష ఒకటి ఉన్నదని ఆయన అభిప్రాయం. 2011లో హాసన్ పరిశోధక బృందం ఒక కథను మాటలుగా, వాక్యాలుగా, పేరాలుగా విడగొట్టి, క్రమం తప్పించి వినిపించింది. శబ్దాన్ని గ్రహించే తొలి ప్రాంతాలు క్రమం చెడినా శ్రోతలందరిలోను ఒకే తీరుగా స్పందించాయి. కాని మరికొన్ని ప్రాంతాలు వాక్యం చెడకుండా ఉన్నప్పుడే, ఇంకొన్ని పేరాలు చెడకుండా ఉన్నప్పుడే అట్లు స్పందించాయి. పదం, వాక్యం, మహావాక్యం అనే సోపానక్రమం కేవలం వర్గీకరణ సౌకర్యం కోసం కల్పించినది కాకపోవచ్చునని దీనివల్ల ఊహించవచ్చు. ఊహించవచ్చునన్నంతవరకే, ఆ ప్రయోగం విశ్వనాథుని పరీక్షించడానికి చేసినది కాదు.

అయితే ఆకాంక్షను కుతూహలంగా మాత్రమే తీసుకొంటే చిక్కు వస్తుంది. కళాపూర్ణోదయం వంటి కల్పిత కథలో ఆ సిద్ధాంతం చక్కగా నడుస్తుంది. సూరన ఒక ముడిని విప్పుతూ మరొక ముడిని వేస్తాడు. పాఠకుడు జరిగినదేమో తెలియగోరి ముందుకు సాగుతాడు. కాని హరికథకు వచ్చినవానికి సీత దొరుకుతుందో లేదో తెలియనిది కాదు. తోలుబొమ్మలాటలో కీచకుని చావు తెలిసే జనం తెల్లవార్లూ కూర్చుంటారు. తెలియనితనమే ఆకర్షణకు మూలమైతే ఈ సభలు ఏనాడో ఖాళీ కావలసింది. ఈ సందేహాన్ని ఆధునికులు కూడా గుర్తించారు. 2011లో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనేవారు ముగింపు ముందే తెలిపిన కథలను పాఠకులు మరింత ఇష్టపడినట్లు ప్రకటించారు. తరువాతి పరిశీలనలన్నీ దీనితో ఏకీభవించలేదు. కాని ముగింపు తెలిస్తే కథ చచ్చిపోతుందన్న నమ్మకం నిలవదని మాత్రం స్పష్టమైంది.

ప్రసిద్ధ కథకు శక్తి ఎక్కడిది అన్నదానికి అభినవభారతిలో నిశితమైన సమాధానం ఉంది. అభినవగుప్తుడు రసానుభవానికి ఏడు విఘ్నాలను లెక్కించాడు. అందులో మొదటిది సంభావనావిరహం: చెప్పుతున్నది జరుగగలదని శ్రోతకు తోచకపోవడం. లోకోత్తర కార్యాలను వర్ణించేటప్పుడు రామాది ప్రఖ్యాత నామాలను గ్రహించడం ఈ విఘ్నాన్ని తొలగించడానికేనని ఆయన మతం. ప్రసిద్ధివల్ల నాటుకొన్న నమ్మకం అసంభావనను అడ్డుకొంటుంది. స్వగత పరగత దేశకాల విశేషాలలో చిక్కుకోవడం రెండవ విఘ్నం. తన సుఖదుఃఖాలకు తాను వివశుడు కావడం మూడవది. పూర్వరంగం, వేషం మొదటివి రెండవదానికీ, గీతవాద్యాదులు మూడవదానికీ ప్రతీకారాలు. హరిదాసు చిడతలు, బుర్రకథలో వంతల తానతందానాలు అలంకారమాత్రాలు కావని ఈ దృష్టితో చూస్తే తెలుస్తుంది.

2000లో గ్రీన్, బ్రాక్ అనే పరిశోధకులు పాఠకుడు కథాలోకానికి తరలిపోవడాన్ని కొలిచారు. అవధానం, ఊహాచిత్రాలు, భావావేశం మూడూ కథలోనే లగ్నం కావడాన్ని వారు తరలిపోవడమన్నారు. అట్లు తరలిపోయినవారికి కథలోని పొసగని అంశాలు తక్కువగా కనబడ్డాయి. ఇది విఘ్నాపసారణకు సమీపమైన విషయం. రెండు శాస్త్రాలు నిజంగా కలుసుకోగల చోటు ఇదే: కథ చేసేదానిలో సగం, శ్రోత చిత్తంలోని అడ్డంకులను తొలగించడం.

ఇంతకు మించిన సమీకరణాలు ప్రమాదకరం. 1990ల దశకంలో ఇటలీలోని పార్మాలో రిజోలాటీ బృందం కోతుల మెదడులో దర్పణకణాలను గుర్తించింది. తాను చేసినప్పుడూ, ఇతరులు చేయగా చూసినప్పుడూ అవే కణాలు స్పందిస్తాయి. దీనిని భట్టనాయకుని సాధారణీకరణంతో ఒకటి చేసి చెప్పడం తేలిక. కాని దర్పణకణం ఒక క్రియకు ప్రతిస్పందన. సాధారణీకరణం నాది, పరునిది అన్న నియమం తొలగడం. అభిజ్ఞానశాకుంతల ప్రథమాంకంలో పరుగెత్తే లేడి భయాన్ని వ్యాఖ్యానిస్తూ అభినవగుప్తుడు చెప్పినదేమిటి? ప్రేక్షకుడు అనుభవించేది తాను భయపడుతున్నానని కాదు, లేడి భయపడుతున్నదని కాదు. దేశకాలాలు అంటని భయమే. అనుకరణస్పందనం ఎంత ఉన్నా అది ఈ స్థితిని వివరించదు. భయవేళ వెలిగిన మెదడు ప్రాంతమే మరి పది సందర్భాలలోనూ వెలుగుతుంది గనుక, వెలుగును చూసి భావాన్ని నిర్ణయించడం కూడా తర్కానికి నిలవదు.

మరొక హెచ్చరిక. సాహిత్యకథ చదివినవారికి పరుల మనస్సును గ్రహించే శక్తి వెంటనే పెరుగుతుందని కిడ్, కస్టానో 2013లో ప్రకటించారు. సహృదయత్వానికి ప్రమాణం దొరికిందని సంతోషించడానికి అది తగినదిగానే కనిపించింది. 2018లో పెద్ద ఎత్తున జరిగిన పునఃపరీక్షలో ఆ ఫలితం నిలవలేదు. ప్రయోగఫలితంపై శాస్త్రగౌరవాన్ని ఆధారపరిస్తే, ఆ ఫలితం కూలిననాడు శాస్త్రం కూడా కూలినట్లు కనిపిస్తుంది. కావ్యానుశీలనాభ్యాసం వల్ల మనోముకురం నిర్మలమౌతుందన్న సహృదయ లక్షణం దీర్ఘాభ్యాసాన్ని గూర్చినది. ఒక్క కథతో అరగంటలో పరీక్షించదగినది కాదు.

కాబట్టి ప్రాచ్య కళాశాలల కర్తవ్యం ఆమోదముద్రలు సంపాదించడం కాదు, ప్రశ్నలు అందించడం. ప్రఖ్యాతవృత్తం సంభావనను పెంచుతుందా? పూర్వరంగం లేని ప్రదర్శనలో స్వపరభేదం త్వరగా తొలగదా? తెలిసిన కథకు, తెలియని కథకు శ్రోత అవధానంలో భేదమేమిటి? ఇవి అభినవభారతినుండి నేరుగా పుట్టే ప్రశ్నలు. హరికథ, బుర్రకథ, తోలుబొమ్మలాట ఇంకా శ్రోతలతో నడుస్తున్న తెలుగుదేశంలో వీటిని పరీక్షించడానికి అవకాశం ఉంది. దానికి మనస్తత్వశాస్త్ర విభాగాల సహకారం కావాలి; అంతకుముందు రసవిఘ్నాల ప్రకరణాన్ని పరీక్షకు కంఠస్థం చేసే ఏడు పేర్ల జాబితాగా కాక, శ్రోతను గూర్చిన సిద్ధాంతంగా బోధించడం కావాలి. కథ ఎట్లు ఆకర్షిస్తుందో ప్రయోగశాల కొంత చెప్పగలదు. ఆ ఆకర్షణ ఆస్వాదంగా ఎప్పుడు పరిణమిస్తుందో అడగడం తెలిసిన శాస్త్రం మాత్రం ఈ కళాశాలల తరగతి గదులలోనే ఉంది. అక్కడ అడగకపోతే మరెక్కడా అడిగేవారుండరు.