ఏసీ తిరుగుతోంది... చల్లదనమేదీ?

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ప్రొద్దుటూరులో ఓ మేడమీది గది. ఏసీ గుయ్‌మంటూ తిరుగుతూనే ఉంది. మంచం మీది అవ్వకు మాత్రం చెమట ఆగడం లేదు. ఇంటాయన మెకానిక్కుకు ఫోన్ కొట్టాడు.

'ఏసీ తిరుగుతాంది గానీ సల్లగా లేదన్నా!'

'గ్యాస్ అయిపోయింటాది సార్. నింపాల.'

ఇంకా ఏసీ మూత తీయనే లేదు, రోగం తేలిపోయింది!

ఎండాకాలం వచ్చిందంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లలో ఇలాంటి మాటలు వినబడుతూనే ఉంటాయి. ఎండ 43 డిగ్రీలు దాటే కడప జిల్లాలో ముసలివాళ్లకు, పసిబిడ్డలకు ఏసీ దర్జా కాదు, అవసరం. అందుకే అది మొరాయిస్తే కంగారు. ఆ కంగారులోనే జేబుకు చిల్లు.

గ్యాస్ పెట్రోలు కాదు

బండిలో పెట్రోలులా ఏసీలో గ్యాస్ ఖర్చయిపోదు. మూసిన రాగి లేదా అల్యూమినియం గొట్టాల్లో తిరుగుతూ గదిలోని వేడిని మోసుకెళ్లి బయట పారేసి వస్తుంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా గ్యాస్ నింపడమంటే ఓటికుండలో నీళ్లు పోయడమే. అయితే చల్లదనం తగ్గడానికి గ్యాస్ ఒక్కటే కారణం కాదు. ఇంట్లోవాళ్లే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

ముందు ఇవి చూడండి

రిమోట్‌లో 'కూల్' గుర్తు ఉందా? పిల్లలు ఆడుతూ 'ఫ్యాన్' లేదా 'డ్రై' మీద పెట్టి ఉండొచ్చు.

తర్వాత ఫిల్టర్. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల పనులు ఉన్నచోట దుమ్ముకు కొదవ లేదు. ఆ దుమ్మంతా జాలీకి పట్టి గాలికి అడ్డుపడుతుంది. ఎండాకాలంలో రెండు వారాలకోసారి తీసి, నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి బిగించాలి. లోపలి గొట్టాల మీద మంచు పేరుకుంటే ఏసీ ఆపేసి పూర్తిగా కరగనివ్వాలి. ఫిల్టర్ శుభ్రం చేశాకా మంచు కడుతుంటే అప్పుడు గ్యాస్‌ను అనుమానించొచ్చు.

ఆ తర్వాత బయటి యూనిట్. ప్రొద్దుటూరు సందుల్లో ఒక గోడకూ ఇంకో గోడకూ మధ్య మూరెడు జాగా. యూనిట్ ఊదిన వేడిగాలి ఎదుటి గోడకు తగిలి మళ్లీ దానిలోకే వస్తుంది. దాని మీద బట్టలు ఆరేస్తే, ముందు అట్టపెట్టెలు పేరిస్తే ఇక చెప్పేదేముంది!

ఫ్యాన్ తిరిగితే సరిపోదు

లోపల గాలి వస్తోంది కదా అని ఏసీ పనిచేస్తోందనుకోవద్దు. అది లోపలి ఫ్యాన్ మాత్రమే కావచ్చు. బయట కంప్రెసర్ ఆడుతోందా చూడాలి. పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో, లైను చివరి ఇళ్లకు వోల్టేజీ పడిపోతే ఫ్యాన్ తిరుగుతుంది గానీ కంప్రెసర్ లేవదు. స్టెబిలైజర్ మీది అంకె చూస్తే సంగతి తెలుస్తుంది. కరెంటు పోయి వచ్చాక కంప్రెసర్ లేవడానికి మూడు నిమిషాలు పట్టడం మామూలే. ఈలోగా పదే పదే స్విచ్చి వేసి తీయకండి.

బయటి యూనిట్ మూలుగుతూ ఫ్యాన్ తిరగకపోతే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. గ్యాస్ నింపే ఖర్చు ముందు దాని ధర చాలా తక్కువ. అయితే దాన్ని మీరు ముట్టుకోవద్దు. కరెంటు తీసేసినా అందులో షాక్ కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది.

తప్పు ఏసీదా, మిద్దెదా?

చిన్న పరీక్ష ఉంది. ఏసీ పావుగంట తిరిగాక అది పీల్చే గాలి దగ్గర, వదిలే గాలి దగ్గర థర్మామీటర్ పెట్టండి. జ్వరం చూసేది కాదు, గది వేడి చూసేది. తేడా సుమారు 8 నుంచి 12 డిగ్రీలుంటే ఏసీ తన పని తాను చేస్తున్నట్టే. తప్పు గదిది!

కంపెనీలు చెప్పే టన్నుల లెక్క బయట 35 డిగ్రీలున్నప్పటిది. 43కు చేరితే ఆ శక్తి తగ్గుతుంది. పైగా పైఅంతస్తు కాంక్రీటు కప్పు పగలంతా కాగి రాత్రి దాకా వేడి కక్కుతుంది. చౌడుమన్ను పరిచిన పాత మట్టిమిద్దెల కింద ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. కప్పుకు తెల్లసున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్లరంగో వేయించండి. పడమటి కిటికీకి మందపాటి పరదా కట్టండి. ఏసీకి కొంత బరువు దిగుతుంది.

మెకానిక్కును అడగాల్సినవి

అన్నీ చూశాకా చల్లబడకపోతే పిలవండి. 'లీకు ఎక్కడుందో చూపించు అన్నా' అని అడగండి. సబ్బునురగ పెడితే చాలా లీకులు బుడగలై బయటపడతాయి. లీకు మూశాక వాక్యూమ్ చేసి, యూనిట్ మీది లేబుల్‌లో రాసిన గ్యాస్‌నే, రాసినంతే తూకం వేసి నింపాలి. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 అంటుకునే గుణమున్నది. దాన్ని గొట్టాల్లో ఉంచి అతుకు మంట పెట్టడం ప్రమాదం.

మరమ్మతు అయ్యేదాకా పెద్దవాళ్లను కింది గదికి మార్చండి. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి ఫ్యాన్ వేయండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతూ మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

అన్నట్టు, ప్రొద్దుటూరు మేడమీది గది సంగతేమైందంటారా? మెకానిక్ వచ్చేలోపు ఇంటావిడ ఫిల్టర్ ఊడదీసింది. అరచేతి మందాన దుమ్ము! కడిగి, ఆరబెట్టి, బిగించింది. సాయంత్రానికి అవ్వ దుప్పటి అడిగింది.