ఆదివారం ఒక్కరోజు విశ్వాసం చాలదు



పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో అన్ని నమ్మకాల వాళ్లూ ఉన్నారు. ఇది మాత్రం ముఖ్యంగా నాలా చర్చికి వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్నా.

మాది పాడేరు వైపు. ఊళ్లో అన్నం ముందు ప్రార్థన చేసుకుంటే ఎవరూ వింతగా చూడరు. డిగ్రీకి విశాఖ వచ్చాక హాస్టల్ మెస్‌లో మొదటి రోజు అలాగే కళ్లు మూసుకున్నా. పక్కనున్న రూమ్మేట్ "ఇంకా ఇవన్నీ నమ్ముతావా?" అని నవ్వాడు. తిట్టలేదు, వద్దనలేదు. నవ్వాడంతే. మర్నాటి నుంచి నేను ప్రార్థన మానేశా. మా తాత తరం విశ్వాసం కోసం ఊళ్లో ఎన్నో మాటలు పడింది. నేను ఒక్క నవ్వుకే లొంగిపోయా.

పట్నంలో మన విశ్వాసానికి ఎవరూ అడ్డురారు. మార్కులు, ఉద్యోగం, ఫోను... వీటితోనే రోజు గడిచిపోతుంది. దేవుడు ఎవరికీ గుర్తురాడు, మెల్లగా మనకీ గుర్తురాడు. దీన్నే మన సంఘాల్లో 'సెక్యులర్ లోకం' అని తిడుతుంటారు. కానీ రాజ్యాంగంలో ఉన్న సెక్యులర్ అనే మాటను దీనితో కలపకండి. అది మనకు గొడుగు. నచ్చిన మతాన్ని పాటించే హక్కు 25వ అధికరణం ఇచ్చింది. 1950 నాటి ఎస్టీ ఉత్తర్వుల్లో మతం షరతు లేదు. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదని, ఆ మనిషి ఇంకా తెగలో భాగంగానే ఉన్నాడా అన్నది చూడాలని 2004లో చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ రెండో మాట గుర్తుపెట్టుకోండి. చర్చికి వెళ్తున్నామని మన భాష, మన థింసా, మన పెద్దల్ని వదిలేస్తే నష్టం మనకే. ఊరి పూజలో నేను మొక్కను. అది నా మనస్సాక్షి. కానీ ఊళ్లో చావు జరిగితే కట్టెలు మోయడానికి, పెళ్లి జరిగితే పందిరి వేయడానికి ముందుండాల్సింది కూడా నేనే.

అసలు పరీక్ష వేరే చోట ఉంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది కదా. అందుకే బయటివాళ్లు మన కుర్రాళ్ల పేర్లు అడుగుతారు. "సంతకం పెట్టు చాలు, ఇంత ఇస్తాం" అంటారు. బినామీగా పేరు ఇచ్చి, ఆదివారం కానుక పెట్టెలో వంద వేస్తే సరిపోతుందా? సంతలో మిరియాలు కొనే కాటా దగ్గర మనవాడే కూర్చుని అవ్వల్ని తూకంలో మోసం చేస్తే, వాడి వాట్సాప్ స్టేటస్‌లో వాక్యం ఎవరికి కావాలి? దేవుణ్ణి నమ్మని రూమ్మేట్ మన వాదనలు వినడు. సంతకం పెట్టనన్న రోజు మాత్రం "ఎందుకురా డబ్బులు వదులుకున్నావ్?" అని తప్పకుండా అడుగుతాడు. అప్పుడు చెప్పడానికి మన దగ్గర మాట ఉంటుంది.

గట్టిగా మైకులు పెట్టక్కర్లేదు. పక్కవాడి నమ్మకాన్ని కించపరచక్కర్లేదు. అలాగని సిగ్గుపడి దాక్కోవద్దు కూడా.

ఈ మధ్య మెస్‌లో మళ్లీ కళ్లు మూసుకోవడం మొదలుపెట్టా. రూమ్మేట్ ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వనీ. మా ఇద్దరికీ ఒకే కంచంలో తినేంత స్నేహం ఉంది.

మీకు ఇలాంటివి ఎదురయ్యాయా? ఏం చేశారు? మొహమాటం లేకుండా రాయండి.

జై ఆదివాసీ.