ముందు మీటరు, తరవాతే సోలారు

హైదరాబాద్ కృష్ణానగర్ అద్దె పోర్షన్లలో ఉంటున్న సినీ కార్మికులకు, వారికి ఇళ్లిచ్చిన యజమానులకు, కార్మిక సంఘాల పెద్దలకు ఈ విజ్ఞప్తి. మన కరెంటు బొగ్గు నుంచి సూర్యరశ్మి వైపు మళ్లుతోంది, మళ్లాలి కూడా. అయితే ఆ మార్పులో లాభం ఎవరికి, భారం ఎవరికి అన్నది చాలావరకు మీటరు ఎవరి పేరున ఉందన్న దాన్నిబట్టే తేలుతుంది. అందుకే ప్రతి అద్దె పోర్షనుకూ విడి మీటరు, ఆ మీటరు ద్వారా సౌరవిద్యుత్తులో వాటా కావాలని అందరం కలిసి అడగాలి.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటిపైన సోలార్ పలకలు పెట్టుకుంటే మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేల రూపాయల చొప్పున, మూడు కిలోవాట్లు లేదా అంతకు మించి అయితే మొత్తం 78 వేల రూపాయలు సబ్సిడీ వస్తుంది. దీనికి సొంత డాబా ఉండాలి. జూబ్లీహిల్స్ బంగళాకు అది ఉంది. రెండు గదుల పోర్షన్‌లో ఉండే లైట్‌మన్‌కు, జూనియర్ ఆర్టిస్టుకు లేదు. చిక్కు ఇక్కడితో ఆగదు. పెద్ద ఇళ్లు పై శ్లాబుల్లో యూనిట్‌కు తొమ్మిది పది రూపాయలు కడుతున్నందువల్ల కూడా విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) తక్కువ వాడేవారికి రెండు మూడు రూపాయలకు యూనిట్ ఇవ్వగలుగుతోంది. ఆ ఇళ్లు తమ కరెంటు తామే తయారుచేసుకుంటే డిస్కంకు వచ్చే ఆ రాబడి తగ్గుతుంది. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. ఆ లోటు మిగతా వాడకందార్ల మీదో ఖజానా మీదో పడక తప్పదు. సోలార్ పెట్టుకున్నవారిని తప్పుపట్టే పని లేదు. డాబా లేనివారికీ దారి చూపకపోవడమే లోపం.

అద్దెదారు నష్టం ఇప్పటికే బిల్లులో కనిపిస్తోంది. ఒకే మీటరు కింద నాలుగు కుటుంబాలున్నాయని, ఒక్కో కుటుంబం నెలకు 80 యూనిట్లు వాడుతుందని అనుకుందాం. 2022లో తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసిన శ్లాబుల ప్రకారం మొత్తం 320 యూనిట్లకు కరెంటు చార్జీ 1,970 రూపాయలవుతుంది. అదే నాలుగు విడి మీటర్లుంటే ఒక్కో ఇంటికి 190 రూపాయల 50 పైసలు, నాలుగింటికీ కలిపి 762 రూపాయలు. తక్కువ వాడే పేదవాడు ఎక్కువ వాడే ధనికుడి శ్లాబులో పడుతున్నాడన్నమాట. 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం ఉంది కదా అని కొందరు అంటారు. ఆ పరిమితి కూడా మీటరుకే వర్తిస్తుంది; ఉమ్మడి మీటరు దాన్ని ఇట్టే దాటిపోతుంది.

విడి మీటరు అడగడం ఎవరి దయ మీదా ఆధారపడిన విషయం కాదు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమానే కాదు, అందులో నివసించేవారు దరఖాస్తు చేసినా డిస్కం కనెక్షన్ ఇవ్వాలి. యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు కరెంటు నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2022 మేలో స్పష్టం చేసింది. అద్దెదారు పేరున మీటరుంటే రేపు ఇల్లే తనదంటాడేమోనని యజమానులు భయపడతారు. కరెంటు కనెక్షన్ ఆస్తి మీద హక్కు ఇవ్వదు. అద్దె ఒప్పందంలో ఆ మాట రాసుకుంటే ఇంకా నిశ్చింత. పైగా బకాయి ఎవరిదో ఆ మీటరే చెబుతుంది, నెలనెలా లెక్కల తగువు ఉండదు. వైరింగ్, కనెక్షన్ ఖర్చు సంగతి నిజమే. దాన్ని వాయిదాల్లో కట్టే వీలు కల్పించమని డిస్కంను అడగవచ్చు.

మీటరు వచ్చాక రెండో మెట్టు సౌరవిద్యుత్తులో వాటా. ఎక్కడో ఒక పాఠశాల మీదో, గోదాము మీదో పెట్టిన పలకల నుంచి వచ్చే యూనిట్లను పలువురు వాడకందార్ల బిల్లుల్లో పంచి తగ్గించే పద్ధతిని వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. ఢిల్లీ నియంత్రణ మండలి 2019లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. తమ తీగల మీద కరెంటు ఉచితంగా ప్రయాణిస్తుందని డిస్కంలు అభ్యంతరం చెప్పవచ్చు, అందులో న్యాయం ఉంది. తీగల వాడకానికి సబబైన చార్జీ కడతాం, మొదటి వాటాలు మాత్రం డాబా లేని తక్కువ ఆదాయ కుటుంబాలకు ఇవ్వండి అన్నదే మన కోరిక కావాలి.

ఈ మాట వినిపించాల్సిన చోటు దూరమేమీ కాదు. తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి కార్యాలయం కల్యాణ్‌నగర్‌లోనే ఉంది. డిస్కంలు చార్జీల ప్రతిపాదనలు దాఖలు చేసినప్పుడు ప్రజల అభ్యంతరాలను పరిశీలించాకే మండలి ఉత్తర్వు ఇవ్వాలని విద్యుత్ చట్టంలోని 64వ సెక్షన్ చెబుతోంది. వింటారా అన్న అనుమానానికి జవాబుంది. నెలకు 300 యూనిట్లు దాటిన ఇళ్లకు ఫిక్స్‌డ్ చార్జీని కిలోవాటుకు 10 రూపాయల నుంచి 50కి పెంచాలన్న డిస్కంల ప్రతిపాదనను బహిరంగ విచారణ తరవాత 2024 అక్టోబరులో మండలి తోసిపుచ్చింది.

కాబట్టి అద్దెదారులు అద్దె ఒప్పందం, ఆధార్ జతచేసి విడి మీటరుకు దరఖాస్తు చేయండి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లండి. యజమానులు అడ్డుచెప్పకండి. సినీ పరిశ్రమలోని ఇరవై నాలుగు క్రాఫ్టుల సంఘాలు తమ సభ్యుల్లో ఉమ్మడి మీటర్ల కింద ఎందరున్నారో లెక్క తీసి, తదుపరి విచారణలో ఆ లెక్కతో సహా అభ్యంతరం దాఖలు చేయాలని కోరుతున్నాం.