చౌకగా కొన్నాం, ఎవరి చేతి పని కొన్నాం?



క్రిస్మసు దగ్గరపడితే ప్రతి సంఘంలోనూ పనులు మొదలవుతాయి. గుడికి వెల్ల వేయించాలి, తెరలు ఉతికించాలి, ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ పాతబడితే కొత్తది కొనాలి. నరసాపురానికి కొద్ది దూరంలో మాకు బాగా తెలిసిన ఒక పల్లె సంఘం ఉంది. అక్కడ కూడా స్త్రీల సమాజం వారు కానుకలు పోగుచేశారు. కోశాధికారిగా ఉన్న సహోదరి ఏదో పని మీద పట్నం వెళ్ళినప్పుడు తెల్లని లేసు బల్లగుడ్డ ఒకటి నాలుగు వందలకు కొని తెచ్చింది. అదే కొలత గుడ్డ చేత్తో అల్లినది దగ్గరలోని కొట్టులో రెండు వేలు చెబుతున్నారు. మిగిలిన డబ్బుతో సండే స్కూలు పిల్లలకు బహుమతులు వచ్చాయి. అందరూ ఆమెను మెచ్చుకున్నారు.

ఆదివారం ఆరాధన ముగిశాక ఒక మామ్మగారు బల్ల దగ్గరకు వెళ్ళి, ఆ గుడ్డ అంచును రెండు వేళ్ళతో పట్టుకొని చాలాసేపు చూశారు. ఆమె చిన్నప్పటి నుంచి లేసు అల్లిన మనిషి. “బాగుందమ్మా. ఎక్కడా ఒక్క కన్ను తేడా లేదు. మిషను కదా!” అని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆమె ఎవరినీ తప్పు పట్టలేదు. అయినా కోశాధికారి సహోదరికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. “కానుకల డబ్బు పొదుపు చేయడం కూడా తప్పేనా అండీ?” అని ఆమె మమ్మల్ని అడిగింది. ఆ ప్రశ్ననే ఈ నెల మన శీర్షికలో ఆలోచిద్దాం.

ముందు ఈ లేసు మన మధ్యకు ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు యువకులు తమ భార్యలతో ఈ దేశానికి వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త పని ఆరంభించారు. తరువాత కొన్నేళ్ళకు, 1844 ప్రాంతంలో, స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు ఇక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. ఒక్క సూది, ఒక దారపు ఉండ ఉంటే చాలు. ఇల్లు విడిచి వెళ్ళనక్కరలేదు. పొలం పని లేని రోజుల్లో నాలుగు డబ్బులు చేతికి వస్తాయి. మొదట పేద క్రైస్తవ స్త్రీలు నేర్చుకున్న ఈ పని, క్రమంగా ఇతర కులాల ఇళ్ళలోకీ వెళ్ళింది. గోదావరి డెల్టా గ్రామాల్లో అరుగుల మీద కూర్చొని, కబుర్లు చెప్పుకుంటూ, కంటితో చూడకుండానే అల్లుకుపోయే తల్లులను మనలో చాలామంది చూసే ఉంటాం.

ఆ లేసు ఎక్కువగా పరదేశాలకే వెళ్ళేది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఐరోపాలోనూ చేతి లేసు అల్లి బ్రతికిన స్త్రీలు ఉండేవారు. వారి బజారులోకి మన లేసు చవకైన దిగుమతి సరుకుగానే వెళ్ళింది. మన వాళ్ళ కూలి తక్కువ గనుక అది అక్కడ చవక. ఈ రోజు చైనా మిషను లేసును చూసి మనం ఏమంటున్నామో, ఆనాడు వారూ మన లేసును చూసి అలాగే అనుకొని ఉండవచ్చు. కాబట్టి పరాయి దేశం వారిని తిట్టుకోవడం వల్ల ఈ ప్రశ్న తీరదు. చైనాలో ఆ మిషను దగ్గర నిలబడిన అమ్మాయి కూడా ఎవరో ఒక రైతు కూతురే.

భారతదేశం 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. అప్పటివరకు చాలా వస్తువుల దిగుమతికి మన దేశంలో పరిమితులు ఉండేవి. వాటిని క్రమంగా తీసివేస్తూ వచ్చి, చివరిగా మిగిలిన 715 రకాల వస్తువుల మీద ఉన్న పరిమితులను 2001 ఏప్రిల్ 1 నుంచి ఎత్తివేశారు. ఆ తరువాతి కాలంలో బొమ్మలు, దీపాలు, గొడుగులు, ప్లాస్టిక్ పువ్వులు పల్లెటూరి సంతకు కూడా వచ్చాయి. మిషను లేసు మన బజారుకీ వచ్చింది, మన లేసు కొనే పరదేశపు బజారుకీ వెళ్ళింది. చేతితో వారాల తరబడి అల్లేదాని నమూనాను మిషను నిమిషాల్లో దింపుతుంది. సూదికి మిషనుతో పోటీ ఏమిటి? పని తగ్గింది. పని ఉన్నవారికీ కూలి పెరగలేదు. చాలామంది తల్లులు తమ కూతుళ్ళకు ఆ పని నేర్పడం మానుకున్నారు.

“అయితే మన దేశపు సరుకే కొనాలి, అంతే కదా?” అని మీరు అనవచ్చు. అంత తేలిక కాదు. మన దేశపు సరుకు కొన్నంత మాత్రాన చేసినవారికి న్యాయం జరిగిందని అనుకోవడానికి వీలులేదు. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు స్త్రీల మధ్య ఉండి పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. చైనా మిషను లేసు గొడవ లేని రోజుల సంగతి అది. గంటల తరబడి అల్లే స్త్రీలకు పొలం కూలికన్నా ఎంతో తక్కువ ముడుతున్నదని, లాభమంతా మధ్యవారికీ ఎగుమతిదారులకూ పోతున్నదని ఆమె చూపించారు. కారణం ఏమిటి? వీరిని పనివారుగా ఎవరూ లెక్కించలేదు. “ఇంట్లో కూర్చొని తీరిక వేళ చేసుకునే పనే కదా” అన్నారు. ఏజెంటు దారం ఇస్తాడు, ఇంత దారానికి ఇంత అని కూలి కడతాడు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని అతికేది మరొకరు. తాను అల్లిన పువ్వు ఏ గుడ్డలో చేరిందో, ఎంతకు అమ్ముడుపోయిందో ఆ తల్లికి తెలియదు. ఆమె కూలి తగ్గించినది పరదేశి కాదు, మన ఊరివాడే. పొలం కోసినవారి కూలి బిగబట్టితే ఆ కూలే మొఱ్ఱపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెప్పే మాట లేసు అల్లిన కూలికి వర్తించదా?

ఇక మన సంగతి చూసుకుందాం. ఏలూరు జిల్లాలో ఆయిల్ పామ్ తోటలు వేసిన కుటుంబాలు మన పాఠకుల్లో ఎన్నో ఉన్నాయి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. అందులో ఇండోనేషియా, మలేషియాల పామాయిలు ఎక్కువ. 2024 సెప్టెంబరులో ముడి పామాయిలు మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని 20 శాతం చేసినప్పుడు గెలలు అమ్మే రైతు సంతోషించాడు, నూనె ప్యాకెట్టు కొనే ఇల్లాలు నొచ్చుకుంది. 2025 మే నెలాఖరులో దాన్ని 10 శాతానికి తగ్గించినప్పుడు ఇల్లాలికి ఊరట, రైతుకు దిగులు. ఆ రైతూ ఆ ఇల్లాలూ ఒకే ఇంటివారైతే? ఉదయం తోటలో సుంకం పెరగాలని, సాయంత్రం కొట్టు దగ్గర తగ్గాలని కోరుకునేది మనమే.

భీమవరం చుట్టుపట్ల రొయ్యల చెరువుల వారిని అడగండి. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు వారికి ఎంత కష్టం వచ్చిందో చెబుతారు. అక్కడ సముద్రంలో రొయ్యలు పట్టేవారు ఏళ్ళ తరబడి తమ ప్రభుత్వాన్ని అడుగుతున్నదీ ఇదే: “చవక రొయ్యలు రానివ్వకండి, మా బ్రతుకు పోతోంది.” మనం అమ్మేటప్పుడు ప్రపంచమంతా తలుపులు తెరవాలి, కొనేటప్పుడు మాత్రం మన తలుపు మూయాలి అంటే అది రెండు తూకపు రాళ్ళు పెట్టుకోవడమే. సొలొమోను మందిరానికి దేవదారు మ్రానులు తూరు రాజైన హీరాము పంపాడు, బదులుగా ఇక్కడి నుంచి గోధుమలూ నూనే వెళ్ళాయి. ఇచ్చిపుచ్చుకోవడం పాపం కాదు. ఎవరినో ఒకరిని నలగగొట్టి పుచ్చుకోవడం గురించే మన ఆలోచన.

అందుచేత ఆ సహోదరికి మా జవాబు ఇది. అమ్మా, నీవు చేసినది పాపం కాదు. కానీ కొనేముందు అడగవలసిన ప్రశ్న ఒకటి అడగలేదు. ధర ఎంత అని అడిగావు, ఎవరు చేశారని అడగలేదు. మనలో చాలామందిమి అంతే. కొన్ని సంగతులు మనమందరం ఆచరణలో పెట్టవచ్చు.

మొదటిది, లేనివారి మీద భారం మోపకూడదు. రోజు కూలితో బిడ్డకు చెప్పులు కొనే తల్లి చవకైనవే కొంటుంది. కొననివ్వండి. “స్వదేశీ కొనలేదేం?” అని ఆమెను నిలదీసే హక్కు ఎవరికీ లేదు. ఈ బాధ్యత మొదట ఉన్నవారిది, తరువాత పదిమంది డబ్బు కలిపి ఖర్చు చేసే సంఘాలది, సమాజాలది.

రెండవది, చీటీ చదవండి. దిగుమతి చేసి ప్యాకెట్టులో అమ్మే సరుకు మీద ఏ దేశంలో తయారైందో, ఎవరు దిగుమతి చేశారో వారి పేరూ చిరునామా ముద్రించాలని చట్టం ఉంది. చదువుకునే పిల్లల చేత చదివించండి. వారికీ లోకజ్ఞానం వస్తుంది.

మూడవది, చేతి పనిని గుర్తుపట్టడం నేర్చుకోండి. చేతి లేసులో ఒక పువ్వుకూ మరొక పువ్వుకూ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. నూలు దారం గనుక చేతికి బరువుగా తగులుతుంది. మిషను లేసు చాలావరకు పాలియెస్టరు. సందేహం వస్తే విడిగా వేలాడుతున్న దారపు ముక్క ఒకటి కత్తిరించి వెలిగించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. పాలియెస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇతర చోట్ల చేసినదాన్ని ఆ పేరుతో అమ్మడాన్ని అడ్డుకునే హక్కు దానివల్ల వస్తుంది. అయితే గుర్తింపు పేరును కాపాడుతుంది గాని, పని ఇవ్వదు. పని ఇచ్చేది కొనేవారే.

నాలుగవది, చేసినవారి దగ్గరే కొనగలిగితే అక్కడ గీచి గీచి బేరం ఆడకండి. పెద్ద కొట్టులో అచ్చువేసిన ధర నోరెత్తకుండా ఇచ్చి, గుమ్మం ముందుకు వచ్చిన చాపలమ్మితో, కుండలవాడితో అరగంట వాదించే అలవాటు మనకు ఉంది. కొనేటప్పుడు బాగాలేదు బాగాలేదని, ఇంటికి వెళ్ళాక ఎంత చవకగా తెచ్చానో అని చెప్పుకొనేవాడి గురించి సామెతల గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది. చదివి చూడండి, మన అద్దమే కనిపిస్తుంది.

అయిదవది, అన్నీ కొనవలసిన పని లేదు. వెదురు బద్దలు, రంగు కాగితాలు, మైదా జిగురుతో యౌవనస్థులు క్రిస్మసు నక్షత్రం కట్టిన రోజులు మనకు గుర్తున్నాయి. ఇప్పుడు పెట్టెలో నుంచి తీసి తగిలిస్తున్నాం, జనవరికి పారేస్తున్నాం. ఈ ఏడాది పిల్లల చేత ఒకటి కట్టించండి.

ఇక ఆ సంఘంలో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాం. కొన్న గుడ్డను వారు పారేయలేదు, అది వృథా అవుతుంది. ఈస్టరుకు మరొక బల్లగుడ్డ అల్లించాలని తీర్మానించి, కోశాధికారి సహోదరి స్వయంగా మామ్మగారి ఇంటికి వెళ్ళింది. “ఎంత ఇమ్మంటారు మామ్మగారూ?” అని అడిగితే, “దారం మీరిస్తే ఆరు వందలు ఇవ్వమ్మా, అలాగే ఇస్తారు” అన్నారామె. ఎన్నాళ్ళు పడుతుందని అడిగింది. రోజుకు అయిదు గంటలు కూర్చుంటే ఇరవై అయిదు రోజులన్నారు. సహోదరి అక్కడే కాగితం మీద లెక్క వేసింది. నూట ఇరవై అయిదు గంటలకు ఆరు వందలు, గంటకు అయిదు రూపాయలు కూడా పడలేదు.

ఆ కాగితం స్త్రీల సమాజంలో చదివి వినిపించారు. కొట్టులో ఇవ్వవలసిన రెండు వేలూ మామ్మగారికే కూలిగా ఇవ్వాలని, దారం ఖర్చు వేరుగా పెట్టుకోవాలని అందరూ ఒప్పుకున్నారు. మామ్మగారు మొదట వద్దన్నారు. “అంత తీసుకుంటే బాగుండదమ్మా, గుడి పని కదా!” అన్నారు. “గుడి పని గనుకే తీసుకోవాలి” అని వీరు పట్టుబట్టారు. చివరికి ఆమె ఒక షరతు పెట్టారు. తన కళ్ళు మునుపటిలా లేవు గనుక ఇద్దరు ఆడపిల్లలను సాయం పంపమన్నారు, కూలిలో వారికీ వాటా ఉండాలన్నారు. ఇంటరు చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు ఇప్పుడు సాయంత్రాలు ఆమె అరుగు మీద కూర్చుంటున్నారు. మొదటి పువ్వు మూడుసార్లు విప్పి అల్లవలసి వచ్చిందట.

మీ సంఘంలో ఈ పండుగకు కొనబోయే వస్తువుల పట్టీ ఒకసారి తీయండి. అందులో మీ ఊరివారి చేతులు చేయగలిగినది ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే ముందు ఆ ఇంటికి వెళ్ళి అడగండి.