తండ్రి బొమ్మ కాదు, తండ్రి కోసం దుఆ

2012 నవంబరులో జపాన్ రాజధాని టోక్యోలో ఒక వింత స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటోకు బదులు మనిషిని ఆపాదమస్తకం స్కాన్ చేసి, అరచేతిలో ఇమిడే అతని ప్రతిమను తయారు చేసి ఇచ్చారు. ఇలాంటి యంత్రం సన్నని పొడిని పొర మీద పొరగా పరుస్తూ, రంగులద్దుతూ, ముఖకవళికలు, చొక్కా మడతలతో సహా మనిషి రూపాన్ని నిలబెడుతుంది. నేడు ఈ బొమ్మలు మన నగరాలకూ వచ్చాయి.

ఇటీవల నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చి, "ఉస్తాద్, అబ్బాజాన్ పోయి ఏడాదైంది. ఫోటోలు ఇస్తే బొమ్మ చేసిస్తామంటున్నారు. అమ్మీకి ఊరటగా ఉంటుంది. చెక్కేది యంత్రమే కదా, తప్పేముంది?" అని అడిగాడు. అతని కళ్లు చెమర్చాయి. 'హరాం' అని ఒక్క మాటతో పంపించడానికి నాకు మనసొప్పలేదు.

ఫోటో విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. కాని నీడ పడే మనిషి ప్రతిమను దాదాపు అందరూ నిషిద్ధమనే అన్నారు. హజ్రత్ ఆయిషా (రజి) చిన్నతనంలో ఆడుకున్న బొమ్మల మాట వేరు. అవి పిల్లల ఆటవస్తువులు. ఇక యంత్రం దానంతటది కదలదు. చేయించినవాడే జవాబుదారీ.

నూహ్ (అ) జాతి పూజించిన వద్, సువా, యగూస్, యఊఖ్, నస్ర్‌ల పేర్లు దివ్య ఖుర్ఆన్‌లో ఉన్నాయి. అవి నిజానికి పుణ్యపురుషుల పేర్లని ఇబ్నె అబ్బాస్ (రజి) వివరణ సహీహ్ బుఖారీలో ఉంది. వారు పోయాక జ్ఞాపకార్థమే ప్రతిమలు నిలిపారు. తొలితరం పూజించలేదు. జ్ఞానం అడుగంటాక తర్వాతి తరం పూజించింది. ప్రేమతో తెరిచిన తలుపులోంచే షిర్క్ ప్రవేశించింది.

నేను యంత్రాన్ని నిందించడం లేదు. అదే విద్యతో వైద్యులు ఎముకల నమూనాలు తయారు చేసుకుని శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నారు. చేయి లేనివారికి కృత్రిమ హస్తం అమరుతోంది. ఇది అల్లాహ్ అనుగ్రహమే.

మనిషి మరణంతో అతని ఆచరణలు ఆగిపోతాయి, మూడు తప్ప: కొనసాగే దానం, ప్రయోజనకరమైన విద్య, దుఆ చేసే ఉత్తమ సంతానం. దైవప్రవక్త (స) నేర్పిన ఈ మాటే ఆ అబ్బాయికి గుర్తు చేశాను. "బొమ్మకయ్యే డబ్బుతో మీ నాన్న పేరిట ఒక పేద పిల్లవాడికి పుస్తకాలు కొనిపెట్టు బేటా. సాయంత్రం అమ్మీ పక్కన కూర్చుని నాన్న మాటలు చెప్పించుకో. బొమ్మ ఆమెతో మాట్లాడదు, నువ్వు మాట్లాడగలవు" అన్నాను.

అల్లాహ్ మన తల్లిదండ్రులను మన్నించుగాక! మనల్ని వారి కోసం దుఆ చేసే సంతానంగా ఉంచుగాక! ఆమీన్.