తోడుండుట కొక వృత్తిగౌరవము

2022వ సంవత్సరము ఆగస్టు మాసమున ముంబయి నగరమునందు గుడ్‌ఫెలోస్ అను సంస్థ ప్రారంభమైనప్పుడు, రతన్ టాటా అందులో పెట్టుబడి పెట్టుటచే ఆ వార్త దేశమంతట వ్యాపించినది. శంతను నాయుడను యువకుడు స్థాపించిన ఆ సంస్థ చేయు పని యేమన, పట్టభద్రులైన యువతీయువకులను జీతమునకు నియమించి, ఏకాకులైన వృద్ధుల యిండ్లకు పంపుట. వారు ఆ పెద్దలతో క్యారమ్స్ ఆడుదురు, పత్రిక చదివి వినిపింతురు, షికారు పోవుదురు, ఏమియు తోచనినాడు ఊరక ప్రక్కన కూర్చుందురు. దీనికి జీతమేమని ఈసడించువారు కలరు. స్నేహమును అంగడి సరకు చేయుచున్నారని వారి యాక్షేపణ.

ఈ యాక్షేపణను నేనంగీకరింపజాలను. వైద్యునకు రుసుము చెల్లించుచున్నాము, ఉపాధ్యాయునకు జీతమిచ్చుచున్నాము. అంతమాత్రమున వారి దయయు వాత్సల్యమును కృత్రిమములని యెవరును అనరు. పైగా ఇచ్చట ద్రవ్యము వృద్ధుని అభిమానమును కాపాడుచున్నది. కంటి ఆసుపత్రికి తోడు రమ్మని పొరుగింటి కుర్రవానిని అడుగవలసి వచ్చిన పెద్దమనిషి, "నీకేమైనా పనుందేమో నాయనా" యని సంకోచముతో ఆరంభించి, దారి పొడవునను కృతజ్ఞతాభారముతో క్రుంగిపోవును; జీతమిచ్చి పిలిచిన తోడు వచ్చినపుడో, మందులచీటిని రెండవమారు చదువుమని నిస్సంకోచముగా అడుగును.

పిల్లలు డల్లాసునందో న్యూజెర్సీయందో స్థిరపడగా, మేడలో ఇరువురే, ఒక్కొక్కచోట ఒక్కరే, మిగిలిన యిండ్లు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలలో ఎన్నియో కలవు. స్నానము చేయించుటకు, పక్క మార్చుటకు కేర్‌టేకర్లను పంపు ఏజెన్సీలు పట్టణములందు వెలసినవి, కాని, ఆ యింటి పెద్దావిడ తన పుట్టింటి ముచ్చటను మూడవమారు చెప్పుచుండగా, అది తాను విన్నదేయని ముఖమున తెలియనీయక, ఈమారు క్రొత్తగా వచ్చిన చిన్న వివరమును పట్టుకొని, "అయితే బండి ఏరు దాటిందా, మామ్మగారూ?" యని యడుగగల నేర్పును మనమింకను పనిగా లెక్కింపలేదు. అది మిక్కిలి కష్టసాధ్యమైన పని. తల్లిదండ్రులను పోషింపని సంతానముచే మనోవర్తి ఇప్పించుటకు 2007లో చట్టము వచ్చినది. మాటకు నోచుకొనని సాయంకాలములకు మాత్రము ఆ చట్టము క్రింది ఏ ట్రిబ్యునలును దిక్కు చూపజాలదు.

జపాను దేశమున షోజీ మోరిమోతో అనునతడు 2018 నుండి "ఏమియు చేయని మనిషి"గా తన్ను తాను అద్దెకిచ్చుకొనుచున్నాడు. విడాకుల పత్రము దాఖలు చేయునపుడును, మారథాను పరుగు ముగియు చోటను తమవారనువా రొకరుండవలెనని కోరువారు అతనిని పిలుతురు. రిఫ్రిజిరేటరు మోయుమన్నను, లైంగికమగు కోర్కె కోరినను అతడు తిరస్కరించును. ఈ హద్దును స్పష్టముగా చెప్పగలుగుటయే ఆ పనికి వృత్తిత్వమును కల్పించుచున్నదని నా నమ్మకము. మన యువతులు ఈ పనిలో అడుగిడవలెనన్నచో ఇట్టి హద్దులను వారికై సంస్థయే ముందుగా వ్రాసియుంచవలెను.

ఇక తృప్తి మాట. మొదటివారము తలుపు సగమే తెరచి మాటలాడిన పెద్దాయన, నెల తిరుగునప్పటికి గడియారము చూచుకొనుచు వీధి అరుగుపై కూర్చుండుట కన్నులార చూచినవారికి, తమ శ్రమ యెవరికి ఉపకరించినదన్న సందేహము కలుగదు. ఆ నిశ్చయము గొప్ప జీతములందు సైతము అరుదు. కాని దానికి మూల్యము గలదు. ఆ పెద్దాయన కాలధర్మము చెందిననాడు, బంధువులలో లెక్కకు రాని ఆ యువకునకు ఎచ్చట నిలువవలెనో తెలియదు. మరుసటి వారమే మరియొక యింట నవ్వుమొగముతో కూర్చుండవలెను. ఈ దుఃఖమును ఉద్యోగధర్మములో భాగముగా గుర్తించి, పోలీసు ధ్రువీకరణ, శిక్షణ, తగిన జీతములతోపాటు, అట్టి సమయమున జీతముతో కూడిన సెలవును సైతము సంస్థలు నియామకపత్రమునందే వ్రాసియీయవలెనని నేను గట్టిగా కోరుచున్నాను.