మోటారు వాహనము కాని వాహనము

బెంగుళూరు నగరమున కోరమంగల, ఇందిరానగరము మొదలగు ప్రాంతములందు సాయంసమయమున కాలినడకను పోవువారికి వెనుకనుండి వచ్చు అపాయము నేడు చప్పుడు లేని అపాయము. పెట్రోలు బండి దూరముననుండియే తన రాకను చాటుకొనును. విద్యుత్తుతో నడచు స్కూటరు కాలిబాట నెక్కి వచ్చునపుడు మోచేతికి తగులునంతవఱకు వృద్ధులకు తెలియదు, చెవినే కన్నుగా జేసికొని నడచు అంధులకు అంతకంటెను తెలియదు.

ఈ బండ్లన్నియు ఒక్క తరగతివి కావు. ఆకుపచ్చ పలకపై తెల్లని అంకెలు గల స్కూటరునకు రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా అన్నియు కలవు. కాని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమముల ప్రకారము, మోటారు శక్తి 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును, బ్యాటరీ మినహా బరువు 60 కిలోలకును లోపల నున్నచో, అట్టి బండి మోటారు వాహనముగానే పరిగణింపబడదు; కావున దానికి నంబరు లేదు, నడుపువానికి లైసెన్సు అక్కరలేదు, బీమా అంతకంటెను అక్కరలేదు. సైకిలువంటిదే కదా యని నియమకర్తలు తలచిరి కాబోలు. మనిషి గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడచును. దానికి ఐదింతల వేగమున, బండి బరువును, దానిపైనున్న మనిషి బరువును, వీపున వ్రేలాడు సరకుల సంచి బరువును ఏకమై వచ్చి తాకినపుడు డెబ్బది యేండ్ల వృద్ధురాలి తుంటియెముక ఎట్లు నిలుచును? ఆ యెముక విరిగిన వృద్ధులలో పెక్కండ్రు మరల మునుపటివలె నడువజాలరని వైద్యులెల్లరు ఎఱుగుదురు.

పెట్రోలు బండి గ్రుద్దినచో బాధితుడు మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. బండి జాడ తెలియకుండ పాఱిపోయినను, 2022 నుండి అమలులోనున్న పథకము క్రింద మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50 వేల రూపాయలు కలవు. చట్టము దృష్టిలో మోటారు వాహనమే కాని బండి గ్రుద్దినవానికి ఈ ద్వారములు తెఱచుకొనుట దుర్లభము. పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చును, సివిలు కోర్టులో దావా వేయవచ్చును, నిజమే. కాని పలక లేని బండిని పోల్చుట ఎట్లు? పోల్చినను, పొట్టకూటికై సరకులు మోయు కుర్రవానియొద్ద రాబట్టగలిగిన దేమి?

ఆ కుర్రవానిని దూషించుట నా యుద్దేశము కాదు. అనంతపురము, చిత్తూరు సీమలనుండి బ్రతుకుతెరువునకై వచ్చిన మన బిడ్డలును వారిలో కలరు. పాలపాకెట్టు పది నిమిషములలో గుమ్మమునకు రావలెనని కోరువారము మనము. ఆ గడువును చాటి వ్యాపారము పెంచుకొన్నవి ఇంటింటికి సరకులు చేరవేయు కంపెనీలు. ఏకదిశా మార్గములు పెక్కుగా గల ఈ యూరిలో చుట్టుతిరిగి వచ్చుటకు వ్యవధి చాలక కాలిబాట నెక్కువాడు వాడు. ఆ తొందర యొక్క మూల్యమును మాత్రము, ఆ బేరముతో ఏ సంబంధమును లేని పాదచారి తన యెముకలతో చెల్లించుచున్నాడు. ఇది ఘోరమైన అన్యాయము.

సింగపూరు ప్రభుత్వము 2019 నవంబరులో విద్యుత్ స్కూటర్లను కాలిబాటలపై నిషేధించినది. పారిస్ పౌరులు 2023 ఏప్రిలులో ఓటు వేసి అద్దె స్కూటర్లనే నగరమునుండి వెడలగొట్టిరి. బెంగుళూరునకు అంతటి నిషేధము వలదని నా మతము. మెట్రో స్టేషనునుండి ఇల్లు చేరుటకు ఈ చిన్నబండి సామాన్యునకు మేలే చేయుచున్నది, పొగయు లేదు. కావలసినది బాధ్యత. పాదచారికి కాలిబాటపై గల హక్కు జీవించు హక్కులో అంతర్భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టముగా పలికినది. ఇక కేంద్ర నియమము మారువఱకు చేతులు కట్టుకొని వేచియుండ నక్కరలేదు. అదే సంవత్సరము సెప్టెంబరులో పాత మహానగర పాలికె స్థానమున వెలసిన ఐదు నగర పాలక సంస్థలు, ఈ తరగతి అద్దెబండ్లు నిలుపుటకు స్థలమిచ్చునపుడే, దూరమునకు కనబడు నంబరును, అద్దెకిచ్చు కంపెనీయే చెల్లించు బీమాను షరతులుగా వ్రాయించుకొనవచ్చును. ఆ రెండింటికిని సమ్మతింపని కంపెనీకి వీథిప్రక్కన జానెడు చోటైనను ఇయ్యరాదు.